ఇది నా సొంత కృతి

జూన్ 17, 2013. సోమవారం. జమ్మలమడుగు.

నా మాటలు ఇవాళ వేరొకడి పేరుతో అచ్చయి నా చేతికే వచ్చాయి.

మా ఇంటి ముందు గదిలోని జిరాక్సు షాపు షట్టరు సగం ఎత్తానో లేదో వెంకటేశు మామ దూరాడు. నా భార్య చిన్నసుబ్బమ్మకు మేనమామ. గొర్రెలు అమ్మేసి పదిహేనేళ్ళుగా మా ఊరి నాయకుడు కుళ్ళాయిరెడ్డి వెనక తిరుగుతున్నాడు. జిరాక్సు మిషను మీద ఒక పుస్తకం పడేసి, "చదువుకో అల్లుడా. నీకు అచ్చరమంటే ఆకలి కదా" అన్నాడు.

ముప్పై రెండు పేజీలు. అట్ట మీద కుళ్ళాయిరెడ్డి దండం పెడుతున్న బొమ్మ. పేరు 'ఏటిగడ్డపల్లె త్యాగధనులు'. సేకరణ, రచన కుళ్ళాయిరెడ్డి అట. వచ్చే నెల పంచాయతీ ఎన్నికలు. మా సొంతూరు ఏటిగడ్డపల్లె సర్పంచి పదవికి ఆయన కోడలు నిలబడుతోంది. ఈ పుస్తకం ఇంటింటికీ పంచుతారట.

లోపల ఉన్నది ఆయన రచన కాదు. రెండేళ్ళ కిందట 'ఊరూవాడా' సైటులో మా ఊరి పేజీలో నేను రాసింది. ఎవరి ఊరి చరిత్ర వాళ్ళు రాసుకునే సైటు అది. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. 'ఏరు ఎండిన ఏడు కూడా మా ఊరి గొడవ ఎండలేదు' అనే వాక్యం నాది. ఐదో తరగతిలో బడి మాని, గొర్రెల వెంట నడుస్తూ పురాణ గ్రంథం చదవడం నేర్చుకుని, భజనల్లో కథలు చెప్పేవాడి వాక్యం. దాన్ని ఆయన కామాతో సహా ఎత్తుకున్నాడు.

దానికి నాకు కోపం లేదు. ఇది నిజం.

నా కోపం వేరు. నా పేజీలో ఇరవై మూడు మంది ఉన్నారు. పద్నాలుగేళ్ళ పార్టీ గొడవల్లో మా ఊళ్ళో చచ్చినవాళ్ళు, రెండు వైపుల వాళ్ళూ. ఎవరు చంపారో నేను రాయలేదు. పేరు, తండ్రి పేరు, తేదీ, పడిన చోటు, ఒక ఫోటో. పుస్తకంలో పదకొండు మందే ఉన్నారు. అందరూ కుళ్ళాయిరెడ్డి మనుషులు. మిగతా పన్నెండు మంది ఈ లోకంలో పుట్టనే లేదు.

ఆ పన్నెండులో మా అన్న సంజీవయ్య ఒకడు. మా అన్నది ఏ పార్టీ కాదు. కూలికి అవతలి వాళ్ళ జీపు తోలేవాడు. జీపు మీద బాంబు పడితే జీపుతో పాటు పోయాడు.

చంపింది ఒకసారి. పుస్తకంలోంచి చంపింది రెండోసారి. రేపు అడుగుతాను.

జూన్ 18

అడిగాను.

కుళ్ళాయిరెడ్డి ఇంటి అరుగు మీద పదిమంది ఉన్నారు. గ్రంథం చంకలో పెట్టుకునే పోయాను. ఆయన నవ్వుతూ, "ఏం స్వామీ, ఈడ పురాణం చెప్తావా?" అన్నాడు.

"పురాణం కాదన్నా. పుస్తకం గురించి."

"ఎవురైనా తీసుకోవచ్చునని నువ్వే రాసిపెట్టినావంట కదప్పా. మా కోడలు చూపిచ్చింది."

"తీసుకోవచ్చు."

"మార్చుకోవచ్చునంట."

"మార్చుకోవచ్చు. అమ్ముకోవచ్చు కూడా. నేనే ఆ షరతు మీద ఇచ్చినా."

"మరేంది నీ బాధ?"

"రెండు మాటలు రాయాలన్నా. ఇది ఊరూవాడాలో ఫలానా వాళ్ళు రాసింది అని ఒకటి. మార్చితే మార్చినామని ఒకటి. 'దీంట్లోనుంచి పన్నెండు మంది సచ్చినోళ్ళను మేము తీసేసినాము' అని అచ్చెయ్యి. ఏసి లచ్చ కాపీలు పంచుకో. నేనే మోస్తా."

అరుగు మీద నవ్వు ఆగిపోయింది. ఒకడు దగ్గాడు. కుళ్ళాయిరెడ్డి మాత్రం అలాగే చూస్తూ, "నీ అన్న కూడా ఇట్లే మాట్లాడేటోడు" అన్నాడు.

మా అన్న మాట్లాడేవాడే కాదు. ఊరంతటికీ తెలుసు, ఆయన మూగవాడిలా ఉండేవాడని. అది బెదిరింపు. అర్థం కానట్టు దండం పెట్టి వచ్చాను.

జూన్ 19

భయపడలేదు.

జూన్ 20

పొద్దున నుంచి కరెంటు లేదు. మిషను చల్లగా పడుంది. మామ స్టాంపు కాగితం తెచ్చాడు. ఏటిగడ్డపల్లె పేజీ మీద, ఫోటోల మీద నా హక్కులన్నీ కుళ్ళాయిరెడ్డి ట్రస్టుకు రాసిచ్చినట్టు, సైటులో పేజీని నేనే తీసేస్తానని ఒప్పుకున్నట్టు రాసుంది.

"సంతకం పెట్టి నీ పురాణం నువ్వు చెప్పుకో అల్లుడా. ఈ గొడవ నీకేల?"

"మామా, ఇచ్చినది వెనక్కి తీసుకోను. తీసుకోవాలన్నా రాదు. అది అట్లా ఇచ్చినది."

"కంప్యూటర్లో పెట్టింది కంప్యూటర్లోనుంచి రాదా?"

"గొర్రెను మేపుకు ఇస్తే వస్తాది. ఉన్ని దానం చేసినావనుకో, ఇంగ అది ఎవురి కంబడి అయ్యిందో నీకేం తెలుసు?"

మామకు అర్థమైంది. అర్థమైనందుకు కోపం వచ్చింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నా భార్య ఇచ్చిన మజ్జిగ తాగకుండా పోయాడు.

పని నీది, ఫలం నీది కాదని గ్రంథం. నేను ఫలం అడగలేదు. నా పేరు కూడా అడగలేదు. అడిగానా? పేరు వెయ్యమన్నాను. అది షరతు. షరతు వేరు, ఆశ వేరు.

జూన్ 22, శనివారం

నిర్మలమ్మ ఫోను చేసింది. కాకినాడలో ఉంటుంది, రిటైరయిన టీచరు. జీతం లేకుండానే సైటు బాగోగులు చూస్తుంది. రెండేళ్ళుగా నా రాతలు దిద్దుతోంది, మనిషిని చూడలేదు.

"ఆదెన్న గారూ, మీ పేజీ మీద ఎవరో ప్లీడరు ఫిర్యాదు పంపారండి. ఫోటోలు మీరు తీసినవి కావంటున్నారు. ఎక్కించేటప్పుడు మీరు 'ఇది నా సొంత కృతి' అని టిక్కు పెట్టారు కదండీ. అవునా?"

"పెట్టినా."

"ఫోటోలు మీరు తీశారా అండి?"

"స్కాను చేసింది నేను."

ఆమె ఎంత మెత్తగా చెప్పిందో అంత కోపం వచ్చింది నాకు. స్కాను చేస్తే సొంతం కాదట. తీసినవాడిదట, వాడు లేకపోతే వాడి వారసులదట. వాళ్ళ నుంచి అనుమతి ఉత్తరం ఏడు రోజుల్లో రావాలి. 29వ తేదీ దాకా గడువు. రాకపోతే ఫోటోలు తీసేస్తారు. నా పేజీకి ఆధారం ఆ ఫోటోల కవర్ల మీది రాతే కాబట్టి, ఆధారం పోతే పేర్లు కూడా పోతాయి.

"అంటే కుళ్ళాయిరెడ్డి పన్నెండు మందిని తీసేస్తే మీరు ఇరవై మూడు మందినీ తీసేస్తారన్నమాట" అన్నాను.

"మీది కానిది మీరు దానం చెయ్యలేరు కదండీ" అంది.

ఫోను పెట్టేశాను. నేను దొంగను కాను.

ఇక్కడ ఒకటి రాసుకోవాలి. రెండేళ్ళ కిందట ప్రొద్దుటూరు నుంచి మాబున్నక్క మా ఊరి హత్యల ఫోటోల కవర్లున్న ఒక అట్టపెట్టె తెచ్చింది. ఆమె భర్త ఖాసిం పీరా స్టూడియో నడిపేవాడు. మా వైపు హత్య జరిగితే పోలీసులు ఆయననే పిలిపించేవాళ్ళు. ఆయన పోయాక స్టూడియో మూసేసింది. ఫోటోలకు బూజు పడుతోందని, సీడీలో ఎక్కించమని ఇచ్చింది. ఎక్కించి సీడీ ఇచ్చాను. ఒక కాపీ నా దగ్గర ఉంచుకున్నాను. అందులో మా అన్న ఉన్నాడు. ఉంచుకోకుండా ఎలా ఉంటాను?

చచ్చినవాళ్ళు ఒకరి సొత్తా?

జూన్ 23

ఇవాళ భజన మందిరంలో నేను మాట్లాడితే దీపాలు వణికాయి. నలుగురు ముసలివాళ్ళు ఏడ్చారు. దానం గురించి చెప్పాను. ఒక రాజు లక్ష ఆవులు దానం చేశాడు. ఆ మందలో వేరొకడి ఆవు ఒకటి తెలియకుండా కలిసింది. దాన్నీ దానం చేశాడు. ఆ ఒక్క ఆవుకు రాజు తొండ అయి పాడుబావిలో పడ్డాడు. వందసార్లు చెప్పిన కథే. పరుల సొమ్ము పంచే నాయకుల్లారా అని చెయ్యెత్తి గర్జించాను.

ఇంటికొస్తే చిన్నసుబ్బమ్మ అన్నం పెడుతూ, "తొండ కత బాగా చెప్పినావు" అంది.

"బాగుండెనా?"

"బాగుండె. మాబున్నక్కకు కూడా చెప్పి రాకూడదా?"

అన్నం తిని లేచాను. ఈమె ఐదో తరగతి కూడా చదవలేదు.

జూన్ 24

ప్రొద్దుటూరు పోయాను. బస్టాండులో టీ తాగాను. వేరే పని తగిలింది. తిరిగి వచ్చాను.

జూన్ 25, మంగళవారం

చూశాను.

స్టూడియో గదే ఇప్పుడు ఆమె ఇల్లు. గోడకు నీలం రంగు తెర ఇంకా వేలాడుతోంది. మాబున్నక్క గడప దగ్గర కూర్చుని చింతపండు కొట్టి గింజలు తీస్తోంది. "రా అన్నా. సీడీ ఏమన్నా పాడాయనా?" అంది.

నిలబడే చెప్పాను, మొత్తం. దాచలేదు. ఆమె సుత్తి ఆగలేదు. టక్, టక్.

"రెండేండ్లు నీ పేరు మీద పెట్టుకున్నావు."

"పేరు కోసం కాదక్కా. అందురూ చూడాలని."

"అందురూ చూసేదానికి మా ఆయప్ప పేరు అడ్డమొచ్చెనా?"

ఐదు వందల మంది ముందు మాటకు మాట చెప్పినవాణ్ణి. ఆమె గడప ముందు తల వంచాను.

కూర్చోమంది. కూర్చున్నాను. ఆమే చెప్పింది. ఖాసిం పీరా పోలీసులకు పంచనామా ఫోటోలు తీసి ఇచ్చేవాడు, అవి వాళ్ళవి. ఆ తర్వాత నీళ్ళు తెప్పించి శవానికి మొకం కడిగించి, ఒక్క ఫోటో తన కోసం తీసేవాడు. ఎవరూ అడగని ఫోటో. ఎప్పుడైనా ఇంటివాళ్ళు వస్తే ఇద్దామని. కవరు మీద పేరు, తండ్రి పేరు, ఊరు, తేదీ, చోటు రాసి పెట్టెలో వేసేవాడు.

"కండ్లు మూసుకోనుంటే ఎవురు గోడకు తగిలిచ్చుకుంటారన్నా? నేను సన్న కుంచె పెట్టి తెరిపిచ్చేదాన్ని. మీ అన్నకూ నేనే తెరిపిచ్చినా."

"ఎవురిని చూసి ఏసేదానివి? మా అన్నను నువ్వు చూడల్యా కదా."

"ఒక్కరినీ చూడల్యా. మా ఆయప్పను ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టుకునేదాన్ని. అందురికీ ఆయప్ప కండ్లే."

అప్పట్లో స్టూడియో నుంచి తెచ్చుకున్న ఫోటోలో, పద్నాలుగేళ్ళుగా మా ఇంట్లో గోడ మీది నుంచి మా అన్న నన్ను చూస్తున్నాడనుకున్నాను. తప్పు చేసిన రోజు ఆ చూపు తప్పించుకుని నడిచాను. ఆ చూపు ఖాసిం పీరాది.

పేజీ ప్రింట్లు తీసుకెళ్ళాను, ఆమెకు చూపిద్దామని. ఆమె చేతులు తుడుచుకుని ఒక్కొక్కటి నేల మీద పరిచింది. రెండుసార్లు లెక్కపెట్టింది.

"ఇరవై మూడుండాయి."

"అవునక్కా."

"నేనిచ్చింది ఇరవై నాలుగు."

"ఒకటి సరిగా రాలేదు."

ఆమె లోపలికి పోయి కవరు తెచ్చి నా ముందు పెట్టింది. పుల్లన్న, తండ్రి బాలన్న, ఏటిగడ్డపల్లె, 11-2-1999, పెన్నేటి ఇసకలో.

"ఇది శానా బాగా వచ్చిన ఫోటో."

"వాడు మా అన్నను చంపినోడక్కా."

"మా ఆయప్ప కవరు మీద అది రాయల్యా."

సుత్తి తీసుకుని మళ్ళీ చింతపండు కొట్టడం మొదలుపెట్టింది. నా వైపు చూడకుండానే అంది: "కుళ్ళాయిరెడ్డి పన్నెండు తీసినాడు. నువ్వొకటి తీసినావు. ఇద్దురూ తీసింది నా కవర్లే. ఇరవై నాలుగూ పెట్టు, సంతకం చేస్తా. ల్యాకుంటే ఒకటీ వద్దు. అన్నీ తీసెయ్యి."

జూన్ 26

పేజీలో ఇంకా ఇరవై మూడే.

జూన్ 27

మూడు రోజులు మిగలలేదు, రెండే. రాసుకుంటే తేలుతుందేమో.

1998 అక్టోబరు. మలుపు దగ్గర తుమ్మచెట్ల వెనక నుంచి బాంబు వేసింది పుల్లన్న. చూసినవాళ్ళున్నారు. కుళ్ళాయిరెడ్డి మనిషి. నాలుగు నెలలకు వాడు పెన్నేటి ఇసకలో దొరికాడు. కోర్టులో అంతా చెప్పేస్తానని తిరిగాడట. కుళ్ళాయిరెడ్డి వైపు నుంచి పాడె పట్టడానికి ఒక్కడు రాలేదు. అవతలి వైపు వాళ్ళు పీడ వదిలిందన్నారు. నేను టపాకాయలు కాల్చలేదు. కాల్చినవాళ్ళ పక్కన నిలబడ్డాను.

వాణ్ణి ఏ లెక్కలో వెయ్యాలి? వాళ్ళూ వద్దన్నారు, వీళ్ళూ వద్దన్నారు. నేనూ వద్దన్నాను. నాకు కారణం ఉంది. నాకు మాత్రమే ఉంది.

పిచ్చి పట్టినట్టు షాపంతా నడిచాను. రెండు వైపులా రాశానని రొమ్ము విరుచుకున్నానే, ఎవరి అరుగు మీదికి పోయి తీసేసినామని రాయండి అన్నానో వాడికీ నాకూ తేడా పదకొండు. అంతే.

సాయంత్రం ఒక సంగతి తట్టింది. పుల్లన్నను పెడితే మా అన్న కంటే వాడే కుళ్ళాయిరెడ్డికి ఎక్కువ గుచ్చుకుంటాడు. పేజీలో ఆ తేదీ, ఆ ఇసక చూసిన ప్రతివాడూ ఎవరు చేశారో తనకు తానే చెప్పుకుంటాడు. ఆ ఆలోచన రాగానే ప్రాణం లేచొచ్చింది. రేపు పోతాను.

ఇది ధర్మమా, ఇంకో రకం పగా అని చిన్నసుబ్బమ్మను అడిగాను.

"ఏదైతే ఏంది, పెట్టు" అంది.

జూన్ 28, శుక్రవారం

పెట్టాను. నా చేత్తోనే పేరు కొట్టాను. పుల్లన్న. తండ్రి బాలన్న. వేలు ఆగింది, కొట్టాను.

ప్రొద్దుటూరు నెట్టు సెంటరుకు మాబున్నక్కను తీసుకెళ్ళాను. ఉత్తరం ఆమె మెయిలు నుంచే పోవాలి. మెయిలు లేదు. చేశాం. పాస్‌వర్డు కొట్టేటప్పుడు కొంగు కీబోర్డు మీద కప్పుకుని, "అట్ల తిరుక్కో అన్నా. నీ చేతికి ఒకతూరి ఇచ్చి చూసినా కదా" అంది. నెట్టు సెంటరు వాళ్ళంతా నవ్వారు. తిరిగి నిలబడ్డాను.

ఉత్తరంలో ప్రతి మాటా అడిగింది.

"కుళ్ళాయిరెడ్డి కూడా వాడుకోవచ్చునా?"

"వాడుకోవచ్చక్కా."

"అమ్ముకోవచ్చునా?"

"అమ్ముకోవచ్చు. మనం ఆపేదానికి ల్యా. మీ పేర్లు మాత్రం రాయాల, మార్చితే మార్చినామని రాయాల."

చాలాసేపు కిటికీలోంచి చూసింది. "అమ్ముకోనీ. మా ఆయప్ప పేరు మోసుకుంటా అమ్ముకుంటాడు కదా" అని పంపించమంది.

సాయంత్రం నిర్మలమ్మ ఫోను. "ఉత్తరం అందిందండి. ఫోటో ఖాసిం పీరా అని రాశారు, బాగుంది. పక్కన 'కండ్లు: మాబున్ని' అని ఉందేంటండి?"

చెప్పాను. "అలాగే ఉంచుతానండి" అంది.

'ఇది నా సొంత కృతి' అన్నచోట్ల ఇరవై మూడు టిక్కులు ఒక్కొక్కటిగా తీసేశాను. రెండు గంటలు పట్టింది. పంటి కింద ఇసక నములుతున్నట్టు ఉంది. అయినా ఒక్కటీ వదలలేదు.

జూన్ 29

ఇవాళ్టితో గడువు తీరింది. పేజీ ఉంది.

సాయంత్రం పులివెందులలో భజన. మంది బాగా వచ్చారు, అరటి మండీ వాళ్ళు, ఆడవాళ్ళు ఎక్కువ. మళ్ళీ తొండ కథే చెప్పాను. చివర చెయ్యెత్తలేదు. "ఆ తొండ నేనే" అన్నాను. ఎవరి ఫోటోలు, ఏం చేశాను, ఎవరిని వదిలేశాను, అన్నీ చెప్పాను. పుల్లన్న పేరు మైకులో చెప్పాను. మందిరం ధర్మకర్త మైకు వైరు వైపు చూశాడు. పీకితే పీకనీ అనుకున్నాను. పీకలేదు.

జూలై 1

షట్టరు వంచి లోపలికొచ్చారు. జిరాక్సు మిషను పై అద్దం పగలగొట్టారు. ఇంకేమీ ముట్టుకోలేదు. చెప్పదలచుకున్నది అంతే కాబోలు.

మధ్యాహ్నం మామ వచ్చాడు. పగిలిన అద్దం కేసి చూడలేదు, చూడనట్టు ఉండటానికి చాలా కష్టపడ్డాడు.

"రెడ్డి పుస్తకాలు పంచేది ఆపినాడు. ప్లీడరు చెప్పినాడంట, ఇప్పుడు ఆ ముసిలామె దావా ఏస్తే గెలుస్తాదని. కట్టలు గోడౌన్లో పడుండాయి."

"మంచిది."

"ఆ పుల్లన్నను మాత్రం తీసెయ్యమంటాండాడు. మిగతావి ఏమన్నా ఉంచుకోమన్యాడు. మీ అన్నను కూడా. పుస్తకం మళ్ళీ ఏస్తే దాంట్లో మీ అన్న బొమ్మ పెద్దగా ఏపిస్తానన్యాడు."

ఒక వారం ముందైతే ఏం చేసేవాణ్ణో దేవుడికే తెలియాలి. నాకూ తెలుసు. రాయను.

"నాది కాదు మామా, తీసేదానికి."

"నీ పేజీనే కదా."

"నేను తీస్తే ఇంకొకరు పెడతారు. ఫోటో ఒకరిది, కండ్లు ఒకరివి, రాత ఇంకొకరిది. యాడికని పోతాడు రెడ్డి? అద్దం ఒకటే ఉండె, పగలగొట్టినాడు."

అప్పుడు అద్దం వైపు చూశాడు. "నేను రాలేదు అల్లుడా, ఆ పనికి" అన్నాడు. చిన్నసుబ్బమ్మ ఇచ్చిన మజ్జిగ తాగాడు.

జూలై 3, బుధవారం

పదకొండు గంటలకు ఒకామె వచ్చింది. నలభై ఏళ్ళు ఉండొచ్చు. పులివెందుల బస్సు దిగి తెలుసుకుంటూ వచ్చిందట. మిషను చెడిపోయిందమ్మా, జిరాక్సు లేదన్నాను.

"జిరాక్సుకు కాదు. కంప్యూటర్లో ఉండే ఫోటో ఒకటి కాగితం మీద ఇస్తావా?"

"ఎవురిది?"

"పుల్లన్నది. నా పేరు వనజమ్మ. శనివారం నువ్వు మైకులో చెప్పినావు కదా."

పుల్లన్న భార్య. వాడు పోయాక పుట్టింటికి పులివెందుల పోయిందని విన్నాను. ఆ తర్వాత చూడలేదు. కుర్చీ చూపించాను. కూర్చోలేదు. నా పక్క గోడ మీద మా అన్న ఫోటో ఉంది. ఆమె చూసింది. ఎవరో గుర్తుపట్టింది.

ప్రింటరు పనిచేస్తోంది. తీసి ఇచ్చాను. ఆమె దగ్గర ఇప్పటిదాకా ఒక్క ఫోటో లేదట. అప్పుడు స్టూడియోకు పోయి అడగడానికి ధైర్యం చాలలేదంది.

"ఇది తీసుకపోవచ్చునా? ఎవురినన్నా అడగాల్నా?"

"అడిగే పనే ల్యా. ఎవురైనా తీసుకోవచ్చు."

ఫోటోను సంచిలో పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకుని నిలబడింది. తర్వాత, "దాంట్లో నేను ఒక మాట రాయొచ్చునా?" అంది.

నా నోట్లో చటుక్కున వచ్చిన మాట 'అది నా పేజీ' అని. మింగాను.

"రాయొచ్చు. ఎవురైనా రాయొచ్చు."

"నాకు రాదు. నేను చెప్తా, నువ్వు కొట్టు. మార్చగూడదు."

ఆమె పేరుతోనే ఖాతా తెరిచాను. పుల్లన్న పేరు కింద 'సవరించు' నొక్కి కూర్చున్నాను. ఆమె ఫోటో వైపు చూస్తూ మెల్లగా చెప్పింది. చెప్పింది చెప్పినట్టు కొట్టాను. ఒక చోట వాక్యం సరిచేద్దామని వేలు గుంజింది. సరిచెయ్యలేదు.

'ఆయన చేసింది తప్పు. ఆ తప్పు జడ్జీ కాడ చెప్తానని పోతాంటే దోవలో చంపినారు. మా పాపకు అప్పుడు పదకొండు దినాలు.'

మూడు వాక్యాలు. మూడో దాని తర్వాత ఇంకేమైనా ఉందా అని చూశాను. లేదంది.

అప్పుడు చెప్పాల్సింది చెప్పాను. "వనజమ్మా, ఇది నొక్కితే ఇంగ వెనక్కి రాదు. లోకమంతా చదువుకుంటాది. ఎవురైనా తీసుకుంటారు, అచ్చేసుకుంటారు. కుళ్ళాయిరెడ్డి కూడా చదువుతాడు. నీ పేరు కూడా దాని కింద ఉంటాది. ఒకతూరి ఇచ్చినావంటే ఇచ్చినట్టే."

"ఇచ్చేదానికే వచ్చినా."

మౌసు ఆమె వైపు జరిపాను. చూపుడు వేలికి అరటి కర పట్టి నల్లగా ఉంది. ఎక్కడ నొక్కాలో చూపించాను. నొక్కింది.

"అయిపాయనా?" అంది.

"అయిపాయెనమ్మా" అన్నాను.